కాపలా లేని రక్తం

సీసాలో ఉన్నవి మామూలు నీళ్లు.

లాబ్ నుంచి ఫోన్‌లో ఆ మాట విన్నాక క్రైమ్ బ్రాంచ్ ఇన్‌స్పెక్టర్ శోభారాణికి కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. ఎలుకల మందు లేదు. పురుగుల మందు లేదు. నిద్రమాత్రల జాడ లేదు. దర్గా నుంచి తెచ్చిన నీళ్లు దర్గా నీళ్లుగానే తేలాయి. ఆ సీసాను సాక్ష్యంగా పెట్టుకునే, నిన్న మార్చురీ వరండాలో టీవీ కెమెరాల ముందు షహనాజ్ బేగం రెక్క పట్టి జీపెక్కించింది తను. భర్త శవం ఒక వాహనంలో వర్ధన్నపేటకు, భార్య ఇంకో వాహనంలో స్టేషన్‌కు వెళ్లింది. ఆ రెండు బండ్లూ ఒకే గేటులోంచి బయటికి రావడం అన్ని చానెళ్లూ చూపించాయి.

అసలు కేసు ముక్తార్ తుంటి మీది సూది పోటు దగ్గర మొదలైంది. ముక్తార్ వర్ధన్నపేటలో లారీలకు టార్పాలిన్లు కుట్టేవాడు. ఎవరో వేసిన ఇంజెక్షన్ దగ్గర చీము పట్టి, అది నెత్తురుకెక్కి, స్పృహ లేని స్థితిలో వరంగల్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వచ్చాడు. అంతకు ముందు నెలలో అదే మండలంలో బక్కమ్మ అనే కూలి మనిషి అచ్చం అట్లాగే, సూది పోటు చీముతోనే చనిపోయింది. ఎవరో దొంగచాటుగా మురికి సూదులు వాడుతున్నారు. ఎవరన్నది బక్కమ్మ చెప్పకుండానే పోయింది. చెప్పగలిగినవాడు ముక్తార్ ఒక్కడే మిగిలాడు.

అతని భార్య షహనాజ్ మాత్రం మొదటి నుంచీ ఒకటే మాట మీద నిలబడింది. "సూది గీది ఏం లేదు మేడం. నాకేం తెల్వదు." సూది గుచ్చిన చోటు డాక్టర్లు చూపిస్తున్నా ఆమె కాదనే అంది. ఎందుకు అబద్ధం చెప్తోంది? శోభారాణికి అనుమానం అక్కడ పడింది. ముక్తార్ గండం గడిచి, గొంతులో పెట్టిన శ్వాస గొట్టం తీసేశాక, సోమవారం పొద్దున వాంగ్మూలం ఇస్తాడనుకున్నారు. ఆదివారం విజిటింగ్ టైంలో భార్య పాస్ మీద ఒక మనిషి లోపలికి పోయి వచ్చింది. సాయంత్రానికి ముక్తార్‌కు చలిజ్వరం పట్టుకుంది. తెల్లారేసరికి ముక్తార్ లేడు. మంచం పక్క సొరుగులో నీళ్ల సీసా దొరికింది. ఇంకేం కావాలనుకుంది శోభారాణి.

తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టర్ సోహెల్ వచ్చాడు. ఆసుపత్రి ఉన్న ఏరియా అతనిది. కేసు మొదట అతనిదే. పైవాళ్లు క్రైమ్ బ్రాంచ్‌కు ఇచ్చేశారు.

"నీళ్లేనట గద?" అన్నాడు, కూర్చోకుండానే.

"నీకెవరు చెప్పిన్రు?"

"లాబ్‌ల నాకు గూడ దోస్తులున్నరు." అతని గొంతు పెరగలేదు. పెరిగితే శోభారాణికి కొంత సులువుగా ఉండేది. "నిన్న జోహర్ నమాజు తర్వాత ముక్తార్‌ను మట్టి చేసిన్రు. ఆమెకు ఆఖరి చూపు లేదు. ఇద్దత్ అంటే ఎరుకనేనా మేడం? మొగడు పోయినంక ఇల్లు కదలకుండ కూసునే దినాలు. ఆ దినాలు ఆమెకు మన స్టేషన్ బెంచీ మీద మొదలైనయి."

"సోహెల్..."

"ఆమె భయపడతాంది గాని చంపిన మనిషి లెక్క లేదని నేను నిన్ననే అన్న. దానికి మీరేమన్నరో యాదికున్నదా?"

ఉంది. నలుగురు కానిస్టేబుళ్ల ముందు అంది ఆ మాట. 'మీవాళ్లని ఎనకేసుకొస్తున్నవా సోహెల్?' అని. అప్పుడు సోహెల్ ఏమీ అనలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆ మౌనాన్ని ఆమె ఒప్పుకోలు కింద జమ కట్టుకుంది.

"అనకూడని మాట అన్న," అంది శోభారాణి. ముఖం ఎత్తి చెప్పలేకపోయింది.

సోహెల్ ఆ మాటను తీసుకోనూ లేదు, తోసేయనూ లేదు. "నేనొచ్చిన పని వేరే. ఆసుపత్రి రిపోర్టు వచ్చింది. ముక్తార్ నెత్తుర్ల ఏదో బూజు జాతి క్రిమి పెరిగిందట. దవాఖానోళ్ల నిర్లక్ష్యం ఇది. ఐసీయూ డాక్టర్ సింధును ఇయ్యాల అరెస్టు చేస్తున్న."

"ఇంకో ఆడమనిషిని కెమెరాల ముందు నిలబెడతవా? నేను చేసిన పనే నువ్వూ చేస్తవా?"

"నా దగ్గర రిపోర్టుంది. మీ దగ్గర సీసా ఒక్కటే ఉండె."

ఆ దెబ్బ తగిలింది. తగలాల్సిందే అనుకుంది. "నాకూ ఉండె అనుకున్న, సాక్ష్యం. మధ్యాహ్నం దాక ఆగు. ఆ మంచం ఇంకోసారి చూసొద్దాం. తర్వాత నీ ఇష్టం."

సోహెల్ గడియారం చూసుకున్నాడు. "నేనూ వస్త. ఈసారి మీరొక్కరే చూస్తే సరిపోదు."

బయల్దేరే ముందు శోభారాణి పక్క గదిలోకి వెళ్లింది. షహనాజ్ బల్ల ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. రాత్రి ఆడవాళ్లకు ఆశ్రయమిచ్చే సఖి కేంద్రంలో ఉంచి పొద్దున్నే తీసుకొచ్చారు. తెచ్చిన చాయ్ అట్లాగే మీగడ కట్టి ఉంది.

"నీళ్లల్ల ఏం లేదమ్మా. మీ మీద కేసు లేదు. ఇంటికి పోవచ్చు. బండి ఇచ్చి పంపిస్త."

షహనాజ్ తలెత్తింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఎండిపోయి ఉన్నాయి. "ఏ మొఖం పెట్టుకొని పోవాలె మేడం? టీవీల చూపిచ్చిన్రు గద, ఆ మొఖం పెట్టుకొనా?"

శోభారాణి చల్లారిన చాయ్ గ్లాసును పక్కకు జరిపింది.

"ఆయన్ను తీస్కపోతుంటే మా ఆడోళ్లంత వాకిట్ల నిలబడి అన్నరట, చంపింది రాలేదా అని." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "నన్ను ఈడనే ఉండనియ్యిన్రి జరసేపు."

* * *

ఐసీయూలో ఆరో నంబరు గదికి శోభారాణి వేయించిన సీలు అట్లాగే ఉంది. అద్దాల గోడలున్న చిన్న గది అది. మంచం, సెలైన్ స్టాండు, గోడకు మానిటరు, పక్కన సొరుగు బల్ల. డాక్టర్ సింధు తలుపు దగ్గరే ఆగిపోయింది. నలభై ఏళ్లుంటాయి. రెండు రోజులుగా నిద్ర లేనట్టుంది. సోహెల్ యూనిఫాం వైపే చూస్తోంది.

"నన్ను తీసుకుపోవడానికి వచ్చారా?"

"ముందు అర్థం చేసుకోవడానికి వచ్చినం," అంది శోభారాణి. "గండం గడిచిందన్నరు గద డాక్టర్? మరి ఎట్ల పోయిండు?"

సింధు లోపలికి వచ్చి ఖాళీ మంచం కమ్మీ పట్టుకుంది. "క్రిమి నెత్తురుకెక్కి సెప్సిస్ వచ్చినప్పుడు ఒంట్లో రక్షణ శక్తి అంతా ఒక్కసారే విరుచుకుపడుతుంది మేడం. బీపీ పడిపోవడం, కిడ్నీలు మొరాయించడం, వీటిల్ల సగం క్రిమి చేసే నష్టమైతే, సగం ఆ విరుచుకుపడటం చేసే నష్టం. ముక్తార్ అది తట్టుకున్నడు. గొట్టం తీసిన రోజు మా నర్సులు మైసూర్‌పాక్ తెచ్చి పంచిన్రు. కానీ అట్ల తట్టుకున్నోళ్లల్ల కొందరికి తర్వాత ఇంకొకటి జరుగుతది. ఆ శక్తి చల్లబడిపోతది. కాపలా కణాలు తగ్గిపోతాయి. మిగిలినవి కూడా క్రిమి ఎదురుగా వచ్చినా గుర్తుపట్టవు. గుర్తుపట్టినా కదలవు."

"కాపలావాడు గేటు కాడ్నే ఉంటడు గాని నిద్రపోతుంటడు. అంతేనా?" అన్నాడు సోహెల్.

"నిద్రయితే లేపొచ్చు సార్. ఇది లేపినా లేవని స్థితి. కొన్ని రోజులకు కొందరిలో మెల్లగ కోలుకుంటది. అప్పటిదాక మనిషి పైకి బాగయినట్టే కనబడతడు. కూసుంటడు, జావ తాగుతడు. లోపల మాత్రం తలుపులన్ని బార్లా తెరిచి ఉన్నట్టు లెక్క. మీకూ నాకూ తుమ్ము కూడా తెప్పించని క్రిమి చాలు ఆయనకు. పరీక్ష చేయించి మరీ తెలుసుకున్నం. అందుకే ఈ అద్దాల గది, ఒక్కటే పాసు, గౌను, మాస్కు."

"మరి ఆ తుమ్ము తెప్పించని క్రిమి ఏది?"

"ఈస్ట్. బ్రెడ్డు పొంగేందుకు వేస్తరు చూడండి, ఆ జాతి. పిల్లలకు విరేచనాలయితే పొట్లాల్లో పొడి అమ్ముతరు, అందుల ఉంటది. పిల్లలకు మంచిదే. ఐసీయూల మాత్రం మేం ఆ పొట్లం గుమ్మం దాటనియ్యం."

"మీ నర్సెవరో దాటనిచ్చిన్రు," అన్నాడు సోహెల్. "పక్క మంచానికి ఇచ్చి, చేతులు కడగకుండ ఈయన్ని ముట్టుకున్నరు. నా లెక్క ఇది."

సింధు తల అడ్డంగా ఊపింది. "నేనూ మొదట అదే భయపడ్డ. కానీ జ్వరం రాంగనే రెండు చోట్ల రక్తం తీసినం. ఒకటి చేతి నరంలోంచి, ఒకటి మందులు ఎక్కించనీకి మెడ నరానికి పెట్టిన గొట్టంలోంచి. గొట్టం రక్తంల ఈస్ట్ ముందే, విపరీతంగ పెరిగింది. చేతి రక్తంల చాలా ఆలస్యంగ పెరిగింది. అంటే కడుపులోంచో ఊపిరిలోంచో రాలేదు. మెడ గొట్టం దారినే లోపలికి పోయింది. చేతికంటిన పొడి అయితే ఇంత ఉండదు సార్. ఎవరో కావాలనే ఎక్కించిన్రు."

 సోహెల్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

శోభారాణి మోకాళ్ల మీద కూర్చుని మంచం కింద, సొరుగు బల్ల కింద టార్చి వేసి వెతికింది. మొదటిసారి వచ్చినప్పుడు సీసా దొరకగానే ఆగిపోయింది. ఈ నేల మీద చూపు పెట్టనే లేదు. బల్ల చక్రానికీ దాని రబ్బరుకూ మధ్య ఏదో మెరిసింది. పట్టకారుతో లాగితే, చించిన వెండి కాగితపు ముక్క వచ్చింది. దాని మీద పసిబిడ్డ బొమ్మలో సగం బుగ్గ, సగం నవ్వు.

సింధు వంగి చూసి వెంటనే వెనక్కి జరిగింది. "అదే పొట్లం."

సోహెల్ కవరు తెరిచి పట్టుకున్నాడు. ఇద్దరి చూపులూ ఒక్క క్షణం కలిశాయి. "డాక్టర్‌ను అరెస్టు చేసే పని లేదు," అన్నాడు, సింధుకు వినపడేలా. తర్వాత మెల్లగా, "కానీ మల్ల షహనాజ్ కాడికే వచ్చినం గద మేడం. పాసు ఆమెదే. లోపలికి నేనే పోయిననని ఆమెనే చెప్పింది."

శోభారాణి ఫోన్ తీసి ఆదివారం నాటి వీడియో పెట్టింది. వరండాలో కెమెరా. నిలువెల్లా గౌను, తల మీద టోపీ, ముఖానికి మాస్కు వేసుకున్న సన్నటి, పొట్టి మనిషి. ఇది ఆమె అదివరకే చూసింది. చూసినప్పుడు అందులో షహనాజే కనబడింది, ఎందుకంటే షహనాజ్‌నే వెతికింది. ఇప్పుడు ఎవరినీ వెతక్కుండా చూసింది.

ఆ మనిషి గోడకున్న డబ్బాలోంచి గ్లవ్స్ తీసుకుంది. ఒక్క విదిలింపుతో విప్పి, బొటనవేలు ఎక్కడ దూరాలో చూడకుండానే రెండు చేతులకూ తొడిగేసుకుంది. మణికట్టు దగ్గర చివర పట్టి లాగి వదిలింది.

"విజిటర్లకు గ్లవ్స్ ఇస్తరా డాక్టర్?"

"లేదు. గౌను, మాస్కు, అంతే. గ్లవ్స్ సిబ్బంది కోసం పెట్టినవి."

"అలవాటున్న చెయ్యి ఇది," అంది శోభారాణి. "ఇంట్ల వంట చేసే చెయ్యి కాదు. మీ సిబ్బంది కాకుండా, ముక్తార్ తరఫున వచ్చేటోళ్లల్ల ఇట్ల తొడిగేటోళ్లు ఎవరు?"

సింధు ఫోన్ చేతిలోకి తీసుకుంది. వీడియోను మళ్లీ చూసింది. చూస్తూ చూస్తూ మంచం అంచున కూర్చుండిపోయింది.

"ఏమైంది డాక్టర్?"

"నేనే చెప్పిన." ఆమె రెండు అరచేతులతో ముఖం రుద్దుకుంది. "శుక్రవారం కౌన్సెలింగ్ రూంల కూసోబెట్టి చెప్పిన. ఇప్పుడు ఈయనకు రక్షణ శక్తి లేదు, బయటి నుంచి ఏమీ తేవద్దు, పిల్లలకిచ్చే ఈస్ట్ పొడి కూడా ఈయనకు ప్రాణం మీదికొస్తది అని. జాగ్రత్త పడతరని చెప్పిన మేడం. షహనాజ్ గారు తల వంచుకొని కూసున్నరు. ఆమె పక్కనున్న పెద్దమనిషే అన్నీ అడిగేది. నోట్లకు పోతేనే ప్రమాదమా, గొట్టంలకు పోయినా ప్రమాదమేనా అని కూడ అడిగిండు. ఎంత శ్రద్ధ అనుకున్న. మిగతా వాళ్ల అటెండెంట్లకు ఆయన్ని చూసి నేర్చుకోండని చెప్పిన నేను."

"పేరు?"

"వర్ధన్నపేట మెడికల్ షాపు ఆయన. రాజమౌళి గారు."

శోభారాణికి ఆ పేరు కొత్త కాదు. ముక్తార్‌కు చిన్ననాటి స్నేహితుడు. ఆసుపత్రి మెట్ల మీద రోజూ కనబడేవాడు. సన్నగా, పొట్టిగా, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. పోలీసులు వస్తే లేచి నిలబడేవాడు.

* * *

స్టేషన్‌లో షహనాజ్ కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. ఈసారి శోభారాణి బల్లకు అవతల కూర్చోలేదు. కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుంది. సోహెల్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"షహనాజమ్మా, ఆదివారం నాడు లోపలికి పోయింది మీరు కాదు."

షహనాజ్ బిగుసుకుపోయింది. "నేనే పోయిన. చెప్పిన గద."

"మీరు కాదు. నేను చూసిన. నిన్ననే చూడాల్సింది, చూడలే. మిమ్మల్ని అందరి ముందట నిలబెట్టిన. మీరు క్షమించకున్నా నేను ఏమననీకి లేదు. కానీ ఒక్కటి చెప్పున్రి. సొంత భర్తను చూసే పాసు ఇంకొకరి చేతికి ఎందుకిచ్చిన్రు?"

 షహనాజ్ కొంగు చివరను వేలికి చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది. చివరికి సోహెల్ వైపు చూసి, "ఆ అన్నను బయటికి పొమ్మనున్రి మేడం," అంది. సోహెల్ తనంతట తానే తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

"శనివారం నాడు గొట్టం తీసిన్రు గద," అంది షహనాజ్, గొంతు బాగా తగ్గించి. "మనిషి సోయిల లేకుండె. జ్వరం మత్తుల ఏదేదో వదురుతుండె. నన్ను జూసి గుర్తువట్టలే. కల్లు దెమ్మని మొత్తుకున్నడు మేడం. నర్సులు, డాక్టర్లు, పక్క మంచమోళ్లు, అందరు ఇన్నరు. గుడ్డలు గుంజుకున్నడు. ఐదు పూటల నమాజు చేసే ఇంట్ల పుట్టినోడు. దుకాణం గల్లీల ఎవ్వలికి తెల్వదు ఆయన తాగుతడని. నాకూ నా బిడ్డ మెహనాజ్‌కే ఎరుక. ఆ నర్సమ్మ నా దిక్కు జూసి నవ్వింది. నవ్విందో, ఊకనే జూసిందో! నాకు మాత్రం భూమిల దిగిపోవాలనిపిచ్చింది. మల్లా ఆ గదిలకు పోనీకి కాళ్లు రాలే."

"అందుకని..."

"రాజమౌళన్న అన్నడు, నువ్వు పోకపోతే నేను పోయి చూసొస్త, పాసియ్యి చెల్లే అని. ఇచ్చిన. దర్గ నీళ్లు గూడ ఇచ్చిన, పెదాలకు జర తడి చెయ్యమని." ఆమె తలుపు వేసి ఉందో లేదో చూసుకుంది. "ఆయన ఆఖరి దినం. నేను బయట బెంచీ మీద కూసున్న. అద్దంలకెల్లి గూడ చూడలే. పెండ్లాం చూడనీకి రాలేదని ఎట్ల చెప్పాలె మీకు? చంపినవని మీరంటే ఏడ్చిన. కానీ ఆ మాట కంటె ఈ మాట చెప్పుడే నాకు కష్టమనిపిచ్చింది."

శోభారాణి ఆమె చేయి పట్టుకోబోయి ఆగింది. నిన్న రెక్క పట్టి లాగింది ఆ చేతినే. చేయి బల్ల మీదే ఉంచుకుంది.

"మరి ఆ సూది?"

"కల్లు మానిపిచ్చే సూది. రాజమౌళన్ననే ఏస్తుండె, షాపు ఎనక రూముల. ఎవ్వలికి తెల్వకుండ నయం చేస్తనన్నడు. మంచిగనే ఉండె మొదట్ల. తర్వాత కూసోలేకపోయేటోడు, చీము కారేది. పెద్ద దవాఖానకు పోదామంటే, పోతే అడుగుతరు, బయటపడతదని ఈయన భయం. అన్న గూడ అదే అనె. ఆఖరుకు సోయి లేకుండ పడిపోతే నేనే ఆటోల ఏస్కొచ్చిన. సూది సంగతి చెప్పకు చెల్లే, ముక్తార్ ఇజ్జత్ పోతది, మెహనాజ్ కాలేజికి పోయే పిల్ల, తాగుబోతు బిడ్డ అంటరు అన్నడు. నిజమే గదా అనుకున్న. మా ఇజ్జత్ కాపాడుతాండు అనుకున్న మేడం."

"ఆయన తన ఇజ్జతే కాపాడుకున్నడు," అంది శోభారాణి. బక్కమ్మ పేరు ఎత్తలేదు. ఎత్తనవసరం లేదు. ఊళ్లో అందరూ డాక్టరు సాబ్ అని పిలిచే మనిషి, డాక్టరు కాని మనిషి. ఒక చావు బయటపడకుండా ఇంకొక చావు దాకా వచ్చాడు.

తలుపు మీద తట్టి సోహెల్ తల లోపలికి పెట్టాడు. శోభారాణి వరండాలోకి వచ్చి రెండు ముక్కల్లో చెప్పింది. అతను వింటూనే వర్ధన్నపేట స్టేషన్‌కు ఫోన్ కలిపాడు. అక్కడి ఎస్సై బందోబస్తులో ఉన్నాడు, కానిస్టేబుళ్లను షాపుకు పంపుతామన్నారు. ఫోన్ పెట్టి, సోహెల్ నొసలు ముడిచాడు.

"ఒకటి అర్థం కాలే మేడం. ఆదివారమే ఎందుకు? మనిషి కల్లు, కల్లు అని వదురుతుంటే రాజమౌళికి ధైర్యంగనే ఉండాలె. మతి లేనోని మాట ఎవరు నమ్ముతరు? సోమవారం పొద్దున మతి తేటగయితది, వాంగ్మూలం తీసుకుంటం అని డాక్టర్ చెప్పింది మన ఇద్దరికే. అది ఆయనకెట్ల తెలిసింది?"

శోభారాణి గోడకు ఆనుకుంది.

ఆదివారం పొద్దున ఆసుపత్రి మెట్లు. కాగితపు కప్పులో చాయ్. తెల్ల చొక్కా మనిషి రెండు చేతులతో అందించి, 'మావాడు బతుకుతడా మేడం? మల్ల మాట్లాడుతడా?' అని అడిగాడు. కళ్లలో నీళ్లు ఉన్నాయి. ఆ నీళ్లు అబద్ధమని ఇప్పటికీ అనుకోలేకపోతోంది. ఓదారుద్దామనిపించింది. చాయ్ గుక్క తాగి భుజం మీద చేయి వేసి మరీ చెప్పింది. 'ఏం ఫికర్ చెయ్యకున్రి. రేపు పొద్దుగాల ఆయనే చెప్తడు, సూది ఏసినోడు ఎవడో.'

"నేనే చెప్పిన," అంది.

సోహెల్ వినపడనట్టు చూశాడు.

"నేను చెప్పిన సోహెల్. చాయ్ తాగుకుంట."

అతను ఏదైనా అంటాడని ఎదురుచూసింది. ముఖం మీద అనమని మనసులో అడిగింది కూడా. సోహెల్ కిటికీ వైపు తిరిగాడు. 

లోపల్నుంచి షహనాజ్ గొంతు వినపడింది. "మేడం, రాజమౌళన్న చంపిండంటున్నరా మీరు? ఆయననే?" ఆమె తలుపు పట్టుకుని నిలబడి ఉంది.  "మెహనాజ్ ఆయన ఇంట్లనే ఉన్నది గద!"

 నిన్న మార్చురీ దగ్గర తల్లిని జీపెక్కిస్తుంటే ఆ పిల్ల తలుపు పట్టుకుని వేలాడింది. 'పిల్లను నేను చూసుకుంట మేడం, నా బిడ్డ లెక్క' అంటూ రాజమౌళి ముందుకొచ్చాడు. శోభారాణే ఆ పిల్ల వేళ్లు ఒక్కొక్కటిగా విడదీసి, చేయి తీసుకెళ్లి అతని చేతిలో పెట్టింది. ముక్తార్ ఎక్కడ సూది వేయించుకునేవాడో ఆ ఇంట్లో తెలిసిన మూడో మనిషి మెహనాజ్.

"బిడ్డ నంబరు చెప్పున్రి," అంది. షహనాజ్ చెప్తుంటే అంకెలు నొక్కి, స్పీకరు పెట్టింది. సోహెల్ అప్పటికే జీపు దగ్గరికి పరిగెత్తుతూ వర్ధన్నపేట వాళ్లకు మళ్లీ ఫోన్ చేస్తున్నాడు. "షాపు కాదు, ఇల్లు! ముందు ఇంటికి పోన్రి!"

చాలాసేపు మోగింది. ఆగిపోతుందనుకున్నప్పుడు ఎత్తారు.

"హలో..." గొంతు నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టుంది.

"మెహనాజ్, నేను ఇన్‌స్పెక్టర్ శోభారాణిని. రాజమౌళి ఏడున్నడు?"

"మామనా... బయటికి పోయిండు. తాళం ఏసుకొని పోయిండు. నాకు రాత్రి సంది జొరమొచ్చింది మేడం, ఏడ్చి ఏడ్చి. తగ్గుతదని సూదేసిండు."

"ఎప్పుడు ఏసిండు?"

"ఇప్పుడే. జరసేపయింది. పండుకో బిడ్డా అన్నడు. నిద్దరొస్తాంది."

"పండుకోకు. వింటున్నవా? లేచి కూసో. కిటికీ కాడికి పో, గట్టిగ ఒర్రు, పక్కింటోళ్లను పిలువు. మేం వస్తున్నం. నాతోని మాట్లాడుకుంటనే ఉండు, ఫోన్ పెట్టకు తల్లీ."

"కాళ్లు లేస్తలేవు మేడం..."

షహనాజ్ ఫోన్ అందుకోబోయింది. ఫోన్ బదులు శోభారాణి చేతినే గట్టిగా పట్టుకుంది. ఇద్దరి మధ్యా ఫోన్ ఉంది. అవతల పిల్ల ఊపిరి బరువుగా వినపడుతోంది.

"మేడం," అంది మెహనాజ్, మాటకూ మాటకూ మధ్య చాలా దూరంతో. "మా అమ్మీని... ఇడిసిపెట్టిన్రా?"

"ఇడిసిపెట్టిన బిడ్డా. మీ అమ్మీ ఏ తప్పు చెయ్యలే. తప్పు నాది. ఇగో, నా పక్కనే ఉంది, మాట్లాడుతది. మెహనాజ్? మెహనాజ్, పలుకు!"

ఊపిరి వినపడుతూనే ఉంది. పలుకు మాత్రం రాలేదు. ఆ ఊపిరి వెనక, ఎవరో బయటి నుంచి తాళంచెవి తిప్పి తాళం తీస్తున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది.